ముక్కుకీ గొంతుకీ మధ్య

ఏప్రిల్ 2, బుధవారం

ఇవాళ సైరన్ నాలుగుసార్లు మోగింది. నాలుగూ ఉత్తుత్తివే. మోగినప్పుడల్లా ముఠా కూలీలు మిరప టిక్కీలు, అదే బస్తాలు, ఎక్కడివక్కడ పడేసి బయటికి పరుగు తీస్తారు. ఛాంబర్లని చల్లబరిచే అమోనియా గ్యాసంటే భయం ఉండాల్సిందే, కాదనను. కానీ మళ్ళీ లోపలికి వెళ్ళడానికి అరగంట, బీడీకి ఇంకో పావుగంట. ఈ ఎండలో లారీలు గేటు దగ్గర నుంచి రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి. చైతన్యకృష్ణ గారు ఆఫీసు గదిలోకి వచ్చి "ఏదో ఒకటి చెయ్యమ్మా నస్రత్" అని మెల్లగా అనేసి వెళ్ళిపోయారు. ఈ కోల్డ్ స్టోరేజీ ఓనరు కేకలేసినా పట్టించుకోను గానీ, ఇలా మెల్లగా మాట్లాడితే ఏదో ఒకటి చేసి తీరతాను.

తప్పు నా ప్రోగ్రాంలో లేదు. అమోనియా సెన్సర్ల ముందుండే సన్న జాలీల్లో కారప్పొడి పేరుకుంటోంది. ఒక్క టిక్కీ చిరిగితే చాలు, గ్యాసే వచ్చిందనుకుని గోల పెడతాయి. గుంటూరు జిల్లాలో పుట్టి కారం పడనిది నా సెన్సర్లకే. కొత్త జాలీలు పదకొండో తేదీ, శుక్రవారం వస్తాయట.

ఏప్రిల్ 3

కంప్రెసర్ రూం చూసుకునే ఆదాం బాబాయ్ ఇవాళ కూడా సైరన్ స్విచ్చి కిందికి లాగేశాడు. నేను వెళ్ళి పైకి వేశాను.

"ఎందుకు బాబాయ్ రోజూ ఇదే గొడవ?"

"మూడో ఛాంబర్లో తాలుకాయ, నాసిరకం, సర్దుతున్నారమ్మా. దుమ్ము అణిగిందాకా ఆపి, మళ్ళీ నేనే ఏస్తాగా."

"మర్చిపోతే?"

"ముప్పై ఏళ్ళ నుంచి ఈ గ్యాసుతో కాపరం చేస్తన్నా. నేను మర్చిపోతానా!"

మర్చిపోతాడు. మొన్న గంటన్నర మర్చిపోయాడు. ఆయన సొంత బాబాయ్ కాదు, మా వీధి చివరింటి మనిషి. నాన్న పోయిన ఏడు నన్ను వెంటబెట్టుకొచ్చి "మా పిల్ల సార్, కంప్యూటర్ చదివింది" అని ఓనరు గారికి చెప్పి ఈ పని ఇప్పించింది ఆయనే. అందుకని గట్టిగా అనలేను.

చేత్తో ఆపితే మనిషన్నవాడు మర్చిపోతాడు. ఆపేదేదో మిషన్‌లోనే పద్ధతిగా ఆపాలి.

ఏప్రిల్ 4, శుక్రవారం

పనైపోయింది. ఒక్క ఫైలు, ఒక్క లైను.

ఏడాది క్రితం మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లో లైనక్స్ వేసి ఈ సిస్టమంతా నేనే కట్టాను. వెనకాల కనపడకుండా నడిచే సర్వీసులు రెండు. ఒకదాని పేరు ముక్కు. అది సెన్సర్లని చూస్తుంటుంది. రెండోదాని పేరు గొంతు. అది సైరన్ మోగిస్తుంది. రెండూ నేరుగా మాట్లాడుకోవు. మధ్యలో మెసేజ్ బస్ అని ఒకటుంటుంది. ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో, ఎవరికి అనుమతి లేదో ఆ జాబితా అంతా దాని దగ్గరే. అప్పట్లో బాబాయ్‌కి ఇలా చెప్పాను. "ముఠాలో ఎవరైనా ఓనరు గారితో నేరుగా మాట్లాడతారా? యలమందయ్య మేస్త్రికి చెబితే మేస్త్రి చెబుతాడు. ఇదీ అంతే."

"అయితే నీ పెట్టెలో కూడా ఒక మేస్త్రి ఉన్నాడన్నమాట" అని బాబాయ్ చాలాసేపు నవ్వాడు.

ఇవాళ ఆ మేస్త్రికి కొత్త ఆర్డరు రాశాను. ముక్కు చెప్పింది గొంతుకి అందించకూడదు. గొంతు నా ఒక్కదాని మాటే వినాలి. ముక్కు గోల పెడితే నా స్క్రీన్ మీద ఎర్ర గీత వస్తుంది. నేను అంకెలు చూసి, నిజమే అనిపిస్తే బటన్ నొక్కుతాను. మధ్యలో మనిషి కన్ను ఉండటం మంచిదే కదా. ఎలాగూ వచ్చే శుక్రవారం దాకానే.

మోగించి పరీక్ష చెయ్యలేదు. చేస్తే మళ్ళీ ముఠా అంతా బయటికి పరుగెడుతుంది. స్టేటస్ మాత్రం చూశాను. ముక్కు పచ్చ, గొంతు పచ్చ. రెండూ నడుస్తున్నాయి.

ఏప్రిల్ 7

హాయిగా ఉంది. పొద్దుటి నుంచి పదిహేడు ఎర్ర గీతలు, పదిహేడూ కారమే. పని ఒక్క నిమిషం ఆగలేదు. యలమందయ్య మేస్త్రి కిటికీలోంచి తొంగిచూసి "ఏందమ్మాయ్, నీ కోడి కూయట్లేదు ఈ మధ్య?" అన్నాడు. "బుద్ధొచ్చింది మేస్త్రీ" అన్నాను.

ఈ కొత్త ఆర్డరు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రం ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది?

ఏప్రిల్ 8

రేపు సెలవు. అమ్మకి కంటి పరీక్ష. ఆదాం బాబాయ్‌కి చెప్పాను.

ఏప్రిల్ 9

మూడో ఛాంబర్లో అమోనియా లీకైంది. ముఠాలో పిచ్చయ్యని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

ఏప్రిల్ 10

నేను లేను. ముందు అది రాయాలి. నేను అక్కడ లేను.

నిన్న పొద్దున పదీ నలభై అప్పుడు వాల్వు దగ్గర గ్యాసు లీకైంది. లోపల ఏడుగురు టిక్కీలు పేరుస్తున్నారు. పిచ్చయ్య అందరికంటే పైన, నాలుగో అంతస్తు చెక్కల మీద ఉన్నాడు. కళ్ళు మండాయి, దగ్గొచ్చింది. మిరప గోడౌన్లో కళ్ళు మండటం, దగ్గు రావటం ఎవరు పట్టించుకుంటారు? తాలు టిక్కీ చిరిగిందనుకున్నారట. తువ్వాళ్ళు ముక్కులకి బిగించుకుని పని చేస్తూనే ఉన్నారట. "ఎవడ్రా ఆ కారం గుమ్మరిచ్చింది?" అని పైనుంచి పిచ్చయ్యే నవ్వాడట. అలా మూడు నిమిషాలు పోయాయి. ఇంకోచోటైతే మొదటి పీల్పుకే పారిపోతారు. మా వాళ్ళకి ఘాటు అలవాటు. అందుకే కొత్తగా చేరిన ప్రతి కూలీకీ యలమందయ్య మేస్త్రి ఒకటే చెబుతాడు, ఇక్కడ నీ ముక్కుని నమ్మొద్దు, సైరన్ని నమ్ము అని.

సైరన్ మోగలేదు.

కిందున్న ఆరుగురూ బయటపడ్డారు. ఆదాం బాబాయ్ కంప్రెసర్ రూంలో స్విచ్చిలన్నీ ఒక్కపెట్టున కిందికి లాగేసి, మాస్కు తగిలించుకుని లోపలికి వెళ్ళి, పిచ్చయ్యని భుజాన వేసుకుని దింపాడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. నాలుగు అంతస్తులూ నిచ్చెన మెట్లే.

పిచ్చయ్య భార్య వెంకటరావమ్మ బయట షెడ్డులో కాయలకి తొడిమలు తీస్తోంది. పరుగెత్తుకొచ్చి మొగుడి కళ్ళు తుడవబోయిందట. పొద్దుటి నుంచి కారంలో నానిన చేతులు. తుడవనివ్వకుండా ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారట, ఇద్దరు ఆడవాళ్ళు.

నేను మధ్యాహ్నం రెండింటికి వచ్చాను. ఆఫీసులో ఎవరూ లేరు. జరిగిందంతా కంప్యూటర్ తనంతట తాను రాసుకునే లాగ్ చూశాను. మేస్త్రికి ఇచ్చిన ఆర్డరు తీసేశాను. ఎలాగూ శుక్రవారం తీసెయ్యాల్సిందే కదా. రెండు రోజులు ముందు తీశాను, అంతే.

ఏప్రిల్ 11, శుక్రవారం

సీఐ గారు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చారు. సైరన్ ఎందుకు మోగలేదన్నదే అందరి ప్రశ్న. కంప్రెసర్ రూంలో సైరన్ స్విచ్చి కిందికి ఉండటం ఆ రోజు అందరూ చూశారు.

"నువ్వు దీన్ని అప్పుడప్పుడూ ఆపుతుంటావా?" అని సీఐ గారు బాబాయ్‌ని అడిగారు.

"ఆపుతుంటానండి."

"ఆ రోజు ఆపావా?"

"లీకయినాక అన్నీ లాగేశానండి. దానికి ముందు సంగతి... గుర్తు రావట్లేదండి. ఆపే ఉంటానండి. నేనే ఆపుంటా."

నన్నూ అడిగారు. కంప్యూటర్ వైపు అంతా బాగానే ఉందా అని. "రెండు సర్వీసులూ రన్నింగ్‌లోనే ఉన్నాయి సార్" అన్నాను. స్క్రీన్ తిప్పి చూపించాను కూడా. పచ్చగా ఉన్నాయి. రాసుకున్నారు.

అబద్ధం చెప్పలేదు.

కొత్త జాలీలు వచ్చాయి.

ఏప్రిల్ 12

ఇన్‌స్పెక్టరు పరీక్ష చేసి చూపించమన్నాడు. అమోనియా తడిపిన గుడ్డని సెన్సర్ దగ్గర పెట్టించాను. రెండో సెకనుకే సైరన్ అందుకుంది. నేను కట్టింది ఎంత బాగా పనిచేస్తుందో అని ఒక్క క్షణం గర్వం కూడా వచ్చింది. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

ముఠా అంతా షెడ్డు ముందు నిలబడి విన్నారు. ఎవరూ పరుగెత్తలేదు.

"ఇయ్యాల మోగిందేంది మరి?" అన్నాడు యలమందయ్య మేస్త్రి.

"స్విచ్చి పైకుందిగా, అందుకని" అని ఎవరో అన్నారు. అందరూ కంప్రెసర్ రూం వైపు చూశారు. బాబాయ్ గుమ్మంలోనే ఉన్నాడు. నేను బాగుచేసిన సైరనే ఆయన మీద సాక్ష్యం చెప్పింది.

ఏప్రిల్ 13

స్క్రీన్ మీద కన్నేసి ఉంచమని బాబాయ్‌కి ముందురోజే చెప్పాను. ఎనిమిదో తేదీనే రాశాను కూడా, ఇందులోనే ఉంది.

ఏప్రిల్ 14

"రేపు రాను బాబాయ్" అన్నాను. నేను చెప్పింది అంతే. "సరేనమ్మా" అన్నాడు. స్క్రీన్ సంగతి ఎత్తలేదు. ఎత్తినా, ఇంగ్లీషు అక్షరాలు చదవలేని మనిషికి ఎర్ర గీత చూసి ఏ బటన్ నొక్కాలో ఎలా తెలుస్తుంది?

ఏప్రిల్ 15

పిచ్చయ్య పొద్దున తొమ్మిదింటికి పోయాడు. ఊపిరితిత్తులు లోపలంతా కాలిపోయాయన్నారు. వయసు నలభై ఒకటి.

ఆసుపత్రికి వెళ్ళాను. ముఠా అంతా మార్చురీ ముందు చెట్టుకింద ఉన్నారు. బాబాయ్ కూడా ఉన్నాడు, వాళ్ళకి పది గజాల దూరంలో, ఒక్కడే. ఈ ఆరు రోజులూ రోజూ వచ్చి అక్కడే నిలబడుతున్నాడట. యలమందయ్య మేస్త్రి లేచి వెళ్ళి బాబాయ్ చెంప మీద కొట్టాడు. బాబాయ్ టోపీ కింద పడింది. తియ్యలేదు. "కొట్టు మేస్త్రీ" అన్నాడు. మేస్త్రి రెండోసారి చెయ్యెత్తి, కొట్టలేక ఏడ్చాడు.

నా చేతిలో టీ ఫ్లాస్కు ఉంది. వెంకటరావమ్మ కోసం తీసుకెళ్ళాను. గ్లాసులో పోసి ఇచ్చాను. తాగింది. "నీకు పుణ్యముంటదమ్మా" అంది. ఇంటికొచ్చేదాకా ఆ మాట చెవిలోంచి పోలేదు.

టోపీ అన్నా తీసి ఇవ్వాల్సింది నేను.

ఏప్రిల్ 16

రెండు సర్వీసులూ రన్నింగ్‌లోనే ఉన్నాయి. అబద్ధం చెప్పలేదు.

ఏప్రిల్ 17

చైతన్యకృష్ణ గారు బాబాయ్‌ని పనిలోంచి తీసేశారు. నిర్లక్ష్యం కేసు కూడా ఆయన మీదే పెడుతున్నారట. "పెద్దాయన ఒప్పుకున్నాడుగా నస్రత్, మనం ఏం చేస్తాం?" అన్నారు. ఆయన మొహంలో బరువు దిగిన కళ ఉంది. నా మొహంలో ఆయనకి ఏం కనపడిందో తెలియదు.

నిజమే. ఆయనే ఒప్పుకున్నాడు. నేను ఆయన పేరు ఎక్కడా చెప్పలేదు.

ఏప్రిల్ 18

బాబాయ్ భార్య జైతున్‌బీ పిన్ని మా ఇంటికి వచ్చింది. వంటింటి గడప మీద కూలబడింది.

"తిండి తినట్లేదు వదినా. మంచం మీద కూర్చుని చెయ్యి ఇట్టా పైకీ కిందికీ ఆడిచ్చుకుంటన్నాడు. పొద్దున రాంగానే ఏశానా, దించానా, దించి మళ్ళా ఏశానా అని. చెయ్యికి గుర్తుంటదేమో అంటన్నాడు. పిచ్చెక్కుద్దేమోనని భయంగా ఉంది వదినా."

అమ్మ ఆమె వీపు నిమిరింది. కాస్త తేరుకున్నాక పిన్ని మర్యాదకి అడిగింది. "అవునుగానీ లాల్‌బీ వదినా, ఆ రోజు కళ్ళు చూపిచ్చుకున్నావంటగా. ఏమన్నారు డాక్టర్లు?"

అమ్మ నా వైపు చూసింది. "బానే ఉన్నయ్యన్నారు" అంది.

పిన్ని వెళ్ళిపోయాక అమ్మ నాకు అన్నం పెట్టి, తను తినకుండా పడుకుంది.

ఏప్రిల్ 19

నాకోసం రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. కంటి పరీక్ష లేదు. ఆ రోజు నేను తాడేపల్లిలో ఉన్నాను, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో. ఇక్కడ తెలిస్తే పోనివ్వరని ఎవరికీ చెప్పలేదు. కుర్చీలోంచి కదలనని, ఎర్ర గీత వస్తే నేనే చూస్తానని అనుకునేగా ఆ ఆర్డరు రాశాను. అయిదో రోజుకే కుర్చీ వదిలి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు పాత ఆర్డరు మళ్ళీ పెట్టి వెళ్ళొచ్చు. రెండు నిమిషాల పని. గుర్తొచ్చింది కూడా. బస్సుకి టైమైందని పెట్టలేదు.

గుర్తొచ్చింది. ఇది ఇప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఇంటర్వ్యూలో ఒకాయన అడిగాడు. "సర్వీసులన్నీ నడుస్తున్నాయి, పని మాత్రం జరగట్లేదు. ముందు ఎక్కడ చూస్తారు?" నేను తడుముకోకుండా "మెసేజ్ బస్ అనుమతులు చూస్తాను సార్. చాలామంది స్టేటస్ పచ్చగా ఉంటే చాలనుకుంటారు" అన్నాను. ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. గోడ గడియారంలో పదకొండుకి పది నిమిషాలు తక్కువ.

ఇవాళ మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. మే ఐదున చేరాలి.

ఏప్రిల్ 21

లాగ్‌లో ఏముందో ఇప్పటిదాకా రాయలేదు.

10:41 నుంచి 10:58 దాకా రెండేసి సెకన్లకి ఒక వరస. ముక్కు నుంచి గొంతుకి సందేశం, అనుమతి లేదు. అవే మాటలు, ఐదొందల పది సార్లు. మధ్యమధ్య నిమిషానికొకసారి గొంతు రాసుకున్న వరసలు ఉన్నాయి, సైరన్‌కి కరెంటు వస్తోందా లేదా అని. 10:41, ఉంది. 10:42, ఉంది. 10:43, ఉంది. 10:44, ఉంది. 10:45, లేదు.

అంటే గ్యాసు లీకైనప్పుడు స్విచ్చి పైకే ఉంది. బాబాయ్ ఆ రోజు దించలేదు. 10:45కి స్విచ్చిలన్నీ లాగినప్పుడే దించాడు. ఆయన్ని బయటపడేసే వరసలూ, నన్ను పట్టించే వరసలూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒకటి చూపించి రెండోది దాచడానికి వీల్లేదు.

డిస్కు చిన్నదని లాగ్‌కి నేనే హద్దు పెట్టాను. నిండితే పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. లెక్క చూశాను. ఈ వరసలు చెరిగిపోయేది ఇరవై నాలుగున. నేను చెరపక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు.

ఏప్రిల్ 22

ఊరికే ఉన్నాను.

ఏప్రిల్ 23

పొద్దున పనికి వస్తుంటే బాబాయ్ కోల్డ్ స్టోరేజీ గేటు బయట కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రానివ్వరు. ఎందుకొచ్చావు బాబాయ్ అంటే "ఇంట్లో ఉంటే తోచట్లేదమ్మా. ఇక్కడైతే గుర్తొస్తదేమోనని" అన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. చెయ్యి తొడ మీద పైకీ కిందికీ కదులుతూనే ఉంది. ఆ సంగతి ఆయనకి తెలుస్తున్నట్టు లేదు.

"సైరన్ పనిజేస్తందా?" అని అడిగాడు. చేస్తోందన్నాను. "జాగర్తమ్మా. ఈసారి ఎవరినీ ఆపనీయమాక" అన్నాడు.

లోపలికి వెళ్ళి లాగ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ధైర్యం వచ్చి కాదు. ఆయన చెయ్యి చూడలేక.

ఏప్రిల్ 24

బాబాయ్ ఇంటికి వెళ్ళాను. "స్విచ్చి పైకే ఉంది బాబాయ్. మిషన్‌లో రాసి ఉంది. నువ్వు ఆపలేదు" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. మూడోసారి చెప్పించుకుని, పిన్నిని కేకేశాడు. "జైతూ, స్విచ్చి పైకే ఉందంట! నేను ఆపలేదంట!" పిన్ని ఆ మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. బాబాయ్ అన్నం పెట్టమన్నాడు. నా ముందే కూర్చుని, పప్పూ అన్నం కలుపుకుని, పదిరోజుల ఆకలితో తిన్నాడు. మధ్యలో అడిగాడు. "మరెందుకు మోగలేదమ్మా?"

"మిషన్‌లో తప్పు బాబాయ్. నిన్ననే బయటపడింది."

మిషన్‌లో తప్పు. నిన్ననే. రెండు మాటలు, రెండూ అబద్ధాలు. ఈసారి పచ్చి అబద్ధాలే.

ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు లేకపోతే నేను ఇట్టాగే చచ్చిపోయేవాణ్ణి. అల్లా నిన్ను సల్లగా చూడాలి" అన్నాడు. ఆ చెయ్యి కింద నుంచి లేచి పారిపోవాలనిపించింది. కూర్చున్నాను.

ఏప్రిల్ 26, శనివారం

స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. సీఐ గారు ఇంకా రాలేదు.

పొద్దున్నే బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "నిన్నటితో పిచ్చయ్య పెద్దకర్మ అయిపోయింది. ఆయమ్మకి చెప్పొద్దాం పద. నేను చెబితే నమ్మరు, నువ్వే చెప్పాలి" అన్నాడు. ఆయన వెంట బయల్దేరాను.

వెంకటరావమ్మ వాకిట్లో నేల మీద కూర్చుని ఉంది. యలమందయ్య మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని ఎవరూ లోపలికి రమ్మనలేదు. ఎండలోనే నిలబడి చెప్పాను. ముక్కు, గొంతు, మధ్యలో మేస్త్రిలాంటిది ఒకటి. బాబాయ్ నా ప్రతి మాటకీ తల ఊపుతూ వాళ్ళ మొహాలు చూస్తున్నాడు.

ఆమె శ్రద్ధగా విన్నది. ఏమీ చదువుకోని మనిషి. ఒక్కొక్కటే అడిగింది.

"అయితే ఆదాం ఆపలా?"

"ఆపలేదమ్మా."

"మిషన్‌కి గ్యాసు సంగతి తెలిసింది?"

"తెలిసింది."

"తెలిసి చెప్పింది?"

"ఐదొందల సార్లు చెప్పింది."

"మరి మధ్యలో వాడెవడు, వాడెందుకు వద్దన్నాడు?"

"వాడికేం తెలియదమ్మా. రాసిచ్చింది చేస్తాడు."

"రాసిచ్చిందెవురు?"

నేను నోరు తెరిచేలోపు బాబాయ్ అందుకున్నాడు. "ఆ మిషన్ చేసిన కంపెనీ వాళ్ళు రాసుంటార్లే అమ్మా. ఈ పిల్లకేం తెలుసు? పాపం, ఇదంతా కనిపెట్టి చెప్పిందే ఈ పిల్ల."

అక్కడ ఊరుకోవచ్చు. ఆయన దారి వేసి ఇచ్చాడు. మేస్త్రి కూడా తల ఊపాడు. వెంకటరావమ్మ మాత్రం ఆయన వైపు తిరగలేదు. నన్నే చూస్తూ ఉంది, జవాబు కోసం.

"నేనే రాశాను" అన్నాను.

బాబాయ్ "ఏందమ్మా?" అన్నాడు, సరిగ్గా వినపడనట్టు.

"నేనే బాబాయ్. గోల ఆపడానికి నేనే అలా రాశాను. ఆ రోజు తియ్యకుండా వెళ్ళిపోయాను. అమ్మ కళ్ళ కోసం కాదు, వేరే ఉద్యోగం కోసం. మధ్యాహ్నం వచ్చి చూడగానే తెలిసింది."

"ఏ రోజు మధ్యాహ్నం?"

"ఆ రోజే."

బాబాయ్ పెదవులు కదిలాయి. రోజులు లెక్క పెట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. మార్చురీ దగ్గర నేను టీ ఫ్లాస్కుతో నిలబడ్డ రోజు దాకా వచ్చి ఆగినట్టున్నాడు. ఆ తర్వాత నా వైపు చూడటం మానేశాడు.

వెంకటరావమ్మ తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని ఎదురుచూశాను. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ముక్కాలి పీట, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పీట నీడలో వేసి "కూర్చో అన్నా" అని ఆదాం బాబాయ్‌కి నీళ్ళిచ్చింది. ఆయన కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆమె మళ్ళీ నేల మీద తన చోట కూర్చుంది. నేను ఎండలో నిలబడే ఉన్నాను. నేనక్కడ ఉన్నట్టే ఆ వాకిట్లో ఎవరికీ పట్టలేదు.

మేస్త్రి బండి స్టార్ట్ చేసి "ఎక్కు, స్టేషన్‌కి పోదాం" అన్నాడు. ఎక్కాను. పెన్‌డ్రైవ్ పిడికిట్లో ఉంది. బండి కదిలేటప్పుడు "వస్తాను బాబాయ్" అన్నాను. ఆయన నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.